బీరువాలోని పెళ్లి డీవీడీ, డ్రైవ్ లేని ల్యాప్‌టాప్

తిరుమలలో జరిగిన మా అక్క పెళ్లి డీవీడీ పట్టుచీరల కింద ఏళ్లుగా పడి ఉంది. చూద్దామంటే మా ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. ఒక్క డిస్కు కోసం విడి డ్రైవ్ కొనబుద్ధి కాలేదు.

తిరుచానూరులో బావగారి పాత కంప్యూటర్‌కు డ్రైవ్ ఉంది. అందులో ఐఎంజీబర్న్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి, డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు చేసే అంశాన్ని ఎంచుకున్నాను. డిస్కులో ఉన్నదంతా అదే అమరికతో ఒకే ఐఎస్ఓ ఫైలుగా వచ్చింది. విండోస్ 10, 11లలో దానిపై రెండుసార్లు నొక్కితే కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. పనయ్యాక ఆ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ అంటే సరి. ఫైలు ఎక్కడికీ పోదు. పెళ్లి వీడియోకైతే ఇంత కూడా అక్కర్లేదు, ఫైలును నేరుగా వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లోకి లాగితే తలంబ్రాలు మొదలు!

ఒక్కటే ఇబ్బంది. ఫైలును మా ల్యాప్‌టాప్‌కు తెచ్చే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. నిండు డీవీడీ 4.7 జీబీ. పెన్‌డ్రైవ్‌ను ముందే, ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి, అందులో ఉన్నవి వేరే చోట దాచుకున్నాకే.