ఓవెన్ సరిగా వేడెక్కకపోతే: రాడ్డు మార్చే ముందు చూడవలసినవి

లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో కాపురమున్న వారికి ఉప్పుగాలి గురించి కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. కిటికీ గ్రిల్లులకు తరచుగా రంగు వేయించే మనం, ఆ గాలే వంటింట్లోని ఎలక్ట్రిక్ ఓవెన్ లోపలికీ వెళ్లి, వైర్లు కలిసే చోట్లను మెల్లగా తినేస్తుందన్న సంగతి మాత్రం పట్టించుకోము. అందువల్ల విశాఖలో ఓవెన్ సరిగా కాలడం లేదంటే ముందుగా అనుమానించవలసింది రాడ్డును కాదు, కరెంటు ఆ రాడ్డు వరకు చేరే దారిని అని నా అభిప్రాయం.

ఇక్కడ చెబుతున్నది లోపల పైన, కింద రాడ్లుండే ఓ.టి.జి. గురించి మాత్రమే. చాలా ఇళ్లలో మైక్రోవేవ్‌ను కూడా ఓవెన్ అనే పిలుస్తారు కానీ, దానిలో ఉండే హై వోల్టేజి కెపాసిటర్ ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణం తీయగలదు కనుక దాని మూత ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు.

మొదట తేలికైనవి చూడండి. చాలా ఓ.టి.జి.లలో టైమర్ సున్నా మీద ఉంటే, మిగిలిన నాబులు ఎలా తిప్పినా రాడ్లకు కరెంటు అందదు. పది నిమిషాల లోపు సమయం కావాలంటే టైమర్‌ను పదికి పైగా తిప్పి వెనక్కి తీసుకురావాలి, లేకపోతే లోపలి స్ప్రింగు సరిగా పట్టుకోదు. అడుగు ట్రేలో అల్యూమినియం ఫాయిల్ పరిచి ఉంటే తీసేయండి.

తరువాత రెండు రాడ్లూ పనిచేసేలా పెట్టి, 200 డిగ్రీల వద్ద పది నిమిషాలు వేడెక్కనిచ్చి, మధ్య అరలోని జాలీ మీద బ్రెడ్డు ముక్కలు పక్కపక్కనే పేర్చి, ఐదారు నిమిషాల తరువాత తీసి రెండు వైపులా చూడండి. పైభాగం ఎర్రబడి అడుగు తెల్లగా మిగిలితే లోపం కింది రాడ్డులోనో, దానిని ఎంచుకునే స్విచ్చులోనో ఉన్నట్టు. తలుపు వైపు ముక్కలు మాత్రమే తెల్లగా ఉంటే తలుపు సరిగా మూసుకోవడం లేదు. అన్నీ సమానంగా, కానీ వెలవెలబోయి ఉంటే అప్పుడు వోల్టేజి చూడాలి.

వోల్టేజి తగ్గితే వేడి అదే నిష్పత్తిలో తగ్గదు, అంతకంటె ఎక్కువ తగ్గుతుంది. 230 వోల్టుల వద్ద 1500 వాట్లు తీసుకునే ఓవెన్‌కు 190 వోల్టులే అందితే సుమారు 1020 వాట్లే మిగులుతాయి, అంటే మూడో వంతు వేడి పోయినట్టే. మే నెలలో వీధిలోని ఏసీలన్నీ నడిచే వేళ కేకు ఉడకకపోతే, తెల్లవారుజామున మరోసారి ప్రయత్నించి తేడా గమనించండి. వోల్టులూ ఓములూ కొలిచే మల్టీమీటర్ ఉంటే, అదే బోర్డులోని పక్క సాకెట్టులో ఓవెన్ వేయకముందు ఒకసారి, వేసిన తరువాత ఒకసారి కొలవండి. 228 ఉన్నది 205కు పడిపోతే దాదాపు 130 వాట్ల వేడి దారిలోనే, అంటే గోడలోని వైరులోనో ఏదో జాయింటులోనో వృథా అవుతున్నట్టు. ఆ పరిస్థితిలో ఓవెన్ వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పక్క సాకెట్టులో అంకె కదలక, ఓవెన్ ప్లగ్గు మాత్రం చేయి పెట్టలేనంతగా కాలుతూ ఉంటే లోపం ఆ ప్లగ్గు సాకెట్టుల మధ్యే ఉంది. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు కనుక, కన్వర్టర్ ప్లగ్గు తగిలించి 6 ఆంపియర్ల సాకెట్టులో వాడడం మొదటినుంచీ తప్పే.

ఇవన్నీ బాగుంటే ప్లగ్గు తీసి, ఓవెన్ పూర్తిగా చల్లారాక పక్క రేకు స్క్రూలు విప్పండి. విప్పే ముందు, విప్పిన తరువాత కూడా సెల్‌ఫోనుతో వైర్ల ఫోటోలు తీసుకోవడం మరవకండి. మా ఇంట్లో పోయిన డిసెంబరులో కేకు అడుగు పచ్చిగా మిగులుతోందని నేను తొందరపడి కొత్త రాడ్డు వేయించాను, ఫలితం ఏమీ మారలేదు. చివరకు చూస్తే సెలెక్టర్ స్విచ్చు నుంచి కింది రాడ్డుకు వచ్చే వైరు చివర క్లిప్పు ముదురు గోధుమ రంగుకు తిరిగి, అంచున పచ్చటి చిలుము పట్టి, వేలితో కదిపితే ఊగుతోంది. పనికిరాదని పక్కన పడేసిన పాత రాడ్డును తరువాత కొలిస్తే అది నిక్షేపంగా ఉంది.

అటువంటి క్లిప్పును గీకి మళ్లీ తగిలించడం కంటె మార్చడమే మేలు. వైరు వేడికి తట్టుకునే సిలికాన్ లేదా ఫైబర్ గ్లాస్ తొడుగుదై ఉండాలి, మామూలు ఇంటి వైరు కరిగిపోతుంది. క్లిప్పును నొక్కి బిగించాలి తప్ప టంకం వేయకూడదు, సాధారణ టంకం సుమారు 190 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

రాడ్డు పరీక్షకు దాని వైర్లు విడదీసి రెండు చివరల మధ్య మల్టీమీటర్‌తో ఓములు కొలవాలి. 750 వాట్ల రాడ్డు 70 ఓముల దగ్గర చూపిస్తే బాగున్నట్టు, మీటరు అసలు కదలకపోతే తెగినట్టు. రాడ్డు చివరకూ దాని పైగొట్టానికీ మధ్య మాత్రం ఏ కనెక్షనూ చూపించరాదు. గొట్టం లోపలి తెల్లటి పొడి తేమను పీలుస్తుంది కనుక, వానాకాలమంతా వాడకుండా ఉంచిన ఓవెన్ వేయగానే ఇంటి ఆర్.సి.సి.బి. (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోవచ్చు. దానిని తప్పించడానికి ఎర్త్ వైరు తీసేసేవారున్నారు, అంతకంటె ప్రమాదం లేదు. రాడ్డును విప్పించి ఆరబెట్టించాలి, అప్పటికీ తగ్గకపోతే మార్చాలి.

రాడ్లూ వైర్లూ బాగున్నా లోపల పెట్టి చూసిన థర్మామీటరు ఎప్పుడూ పెట్టినదానికంటె 40, 50 డిగ్రీలు తక్కువే చూపిస్తుంటే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మార్పించాలి. ఓవెన్ ముందున్న సూచిక దీపం వెలుగుతూ ఆరుతూ ఉండడం, వేడి కొంత హెచ్చుతగ్గులు కావడం లోపం కాదు.

రేకు బిగించాక కిటికీలు తెరిచి, ఖాళీ ఓవెన్‌ను 20 నిమిషాలు నడపండి. ఆపి, స్విచ్చు కట్టేసి, ప్లగ్గు తీసి దాని పిన్నుల దగ్గర చేయి పెట్టి చూడండి, గోరువెచ్చగా మాత్రమే ఉండాలి.