తొలి నవల దిద్దుకుందాం – 3వ పాఠం: వాక్యం జోలికి అప్పుడే వద్దు

పోయిన పాఠంలో అనుకున్నట్టు చిత్తుప్రతిని నెల రోజులు బీరువాలో పెట్టారు కదా, ఇప్పుడు బయటికి తీయండి. ఎర్ర పెన్ను మాత్రం పట్టుకోకండి. గంటసేపు చెక్కిన పేరాని తర్వాత కొట్టేయాల్సి వస్తే ప్రాణం ఒప్పదు. ఓ రూళ్ల నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం మారింది. సన్నివేశానికి ఒక్క లైను. నాలుగో గడిలో రాయడానికేమీ లేకపోతే చుక్క పెట్టి ముందుకెళ్లండి.

ఈ నోటుబుక్కు నన్ను ఎలా కాపాడిందో చెబుతాను. నా తొలి నవల ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా ఊరు పర్లాకిమిడి కథ. చిత్తులో కథానాయిక 2007లో నౌపడలో చిన్న రైలెక్కి పుట్టింటికి వస్తుంది. ఆ ప్రయాణం ఏడు పేజీలు, ఎంతో ఇష్టంగా రాసుకున్నాను. మొదటి గడిలో '2007' అని వేయగానే చెయ్యి ఆగిపోయింది. 1900లో మొదలైన ఆ చిన్న లైనుని (న్యారోగేజిని) పెద్ద లైనుగా (బ్రాడ్‌గేజిగా) మార్చడానికి 2004లోనే ఆపేశారు. 2007లో రైలెక్కడిది? కథ జరిగే సంవత్సరాన్ని అంత వెనక్కి జరిపితే పిల్లాడి వయసు మూడు అధ్యాయాల్లో తప్పుతుంది. అందుకని టెక్కలిలో బస్సెక్కించాను. ఏడు పేజీలు రెండయ్యాయి. చిన్నప్పుడు నాన్నతో ఎక్కిన రైలు ఇక రాదని ఆమెకి ఆ బస్సులోనే తెలుస్తుంది. నాలుగో గడి నిండింది.

అసలు కష్టం మొదటి అధ్యాయంతో వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు మా ఊరు అటు ఎలా కలిసిందో ఇరవై రెండు పేజీలు రాశాను. వరసగా అన్నీ చుక్కలే. తెలిసిందంతా మొదట్లోనే చెప్పేయాలనే ఆరాటం తొలి నవలలో ఎవరికైనా ఉంటుంది, కానీ అక్కడ మనుషులు లేరు, సమాచారమే ఉంది. రెండు రోజులు బాధపడి తీసేశాను. పారేయలేదు, వేరే కవరులో దాచాను. మీరూ దాచండి.

'సరిహద్దు మారాక సొంత ఊళ్లోనే పరాయివాళ్లమయ్యాం' అన్న వాక్యం పోయి, దాని చోట ఇది వచ్చింది:

నాయనమ్మ రేషన్ కార్డుని వెలుతురుకి పట్టుకుంది. "ఇందులో నా పేరేదే?" అంది. మనవరాలు ఒడియా అక్షరాల మీద ఆమె వేలు పట్టుకుని పెట్టింది. నాయనమ్మ ఆ వేలు చాలాసేపు తీయలేదు.

చిత్తులో ఈ నాయనమ్మే "నా పేరు ఎచ్చట వ్రాయబడినది?" అని అడిగింది. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్లో, వాడుకభాష కోసం అంత పోరాడిన మనిషి తిరిగిన వీధుల్లో, నేను రాసిన మాట అది! సంభాషణల సంగతి 4వ పాఠంలో చూద్దాం. ఈలోగా మీ మొదటి మూడు అధ్యాయాలకి గళ్లు నింపండి. వరసగా మూడు చుక్కలు ఎక్కడ పడ్డాయో ఆ పేజీలకి చీటీ పెట్టి ఉంచండి.