పాయింట్ 32 తూటాల్లో మీకు సరిపడేది ఎలా ఎంచుకోవాలి?

అల్లూరు, కావలి వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రిళ్ళు ఒంటరిగా ఉండాల్సి వచ్చి ఆత్మరక్షణకు లైసెన్స్ తీసుకున్నవాళ్ళు నన్ను ముందుగా అడిగేది 'ఏ తూటాకు దెబ్బ గట్టిగా ఉంటుంది?' అని. దానికంటే ముందు, మీ తుపాకీ ఏ తూటా తింటుందో చూడాలి.

గొట్టం మీద చెక్కిన అక్షరాలు చదవండి. లైసెన్స్ పుస్తకంలో కూడా అదే రాసి ఉండాలి. 9 ఎంఎం నిషేధిత బోరు, అంటే మామూలుగా పౌరులకు లైసెన్స్ ఇవ్వని గొట్టం కొలత, కాబట్టి దాన్ని పోలికలోకి తేవడం లేదు. మామూలుగా దొరికేవి పాయింట్ 32 రివాల్వర్, పాయింట్ 32 పిస్టల్. రెండింటినీ 'ముప్పైరెండు' అనే అంటారు, చిక్కంతా అక్కడే. రెండు తూటాలనూ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టండి. రివాల్వర్‌ది పొడుగు: ఇత్తడి భాగమే సుమారు 23 మిల్లీమీటర్లు, అడుగున అంచు వేలికి స్పష్టంగా తగులుతుంది. పిస్టల్‌ది పొట్టి, 17 మిల్లీమీటర్లు, అంచు కొంచెమే బయటికి ఉంటుంది. గుండు, అంటే తూటా కొసన ఉండి గొట్టంలోంచి బయటికి పోయే ముక్క, బరువు మొదటిదానికి సాధారణంగా 98 గ్రెయిన్లు (గుండు బరువుకు వాడే చిన్న కొలత), రెండోదానికి 71. బరువైనది నెమ్మదిగా, తేలికది వేగంగా పోతుంది. అందుకే బరువు ఒక్కటే చూసి ఏది మేలో తేల్చకండి.

తర్వాత గుండు ముక్కు చూడండి. పిస్టల్‌కు రాగి తొడుగున్న గుండ్రటి ముక్కు మంచిది, ఇరుక్కోకుండా లోపలికి జారుతుంది. ముక్కులో గుంట ఉండేది హాలో పాయింట్. ఒంట్లోకి దిగాక విచ్చుకుని అక్కడే ఆగాలని దాన్ని అలా చేస్తారు. 32 లాంటి చిన్న తూటాకు అంత బలం లేక చాలాసార్లు విచ్చుకోదు. నా మట్టుకు నేను, రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) ఒక్కసారి కూడా ఇరుక్కోని తూటానే నమ్ముతాను.

ఏది కొన్నా, గురి వెనక ఏముందో మరవకండి. గుంటగట్టు మీది షెడ్డు రేకును ఈ చిన్న గుండు కూడా చీల్చుకుని పోతుంది. అవతల పనివాళ్ళు పడుకుని ఉంటారు.

మనది సముద్రపు గాలి. ఒక కార్తీకంలో వానలు వెలిశాక తోలు బెల్టులోంచి తూటాలు తీస్తే ఇత్తడి మీద పచ్చగా చిలుము! తోలులో దాచడం నా తప్పే. అప్పటినుంచి వాటిని కొన్న డబ్బాలోనే, గట్టి మూత ఉన్న స్టీలు క్యాన్‌లో, తాళం వేసి ఉంచుతున్నాను. చిలుము పట్టినవాటిని గీకి వాడొద్దు, గుంటలో పారేయొద్దు. లైసెన్స్ ఉన్న డీలర్‌కు గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ అప్పగించి, రసీదు తీసుకోండి.