గాడ్జెట్ల ఖర్చు చెయ్యి దాటుతోందా? సమస్య ఎక్కడుందో చూసి సరిచేసుకుందాం

గవర్నర్‌పేటలో అకౌంట్లు రాసే పని నాది. రిటర్నుల సీజన్ వస్తే బెజవాడ నలుమూలల నుంచీ బ్యాంకు స్టేట్‌మెంట్లు నా టేబుల్ మీదికి చేరతాయి. కొన్నేళ్ళుగా వాటిలో ఒకటే వరస కనిపిస్తోంది. జీతం పడుతుంది, ఐదో తారీఖు లోపే మూడు నాలుగు ఈఎంఐలు లాగేస్తాయి, వాటిలో సగం ఫోన్లవో టీవీలవో వాచీలవో అయి ఉంటాయి. పాతిక వేల జీతంలోనూ ఇదే, లక్ష జీతంలోనూ ఇదే. వీళ్ళెవరూ దుబారా మనుషులు కారు. రైతు బజార్లో ఐదు రూపాయల దగ్గర బేరమాడేవాళ్ళే. డబ్బు బయటికి వెళ్ళే దారి మరీ సులువైపోయింది, అంతే. అందుకే మనసుని అదుపులో పెట్టుకోమని చెప్పను. ఆ దారిలో ఎక్కడ గడియ పెట్టాలో చెబుతాను. మీకున్న ఇబ్బంది ఏదో చూసుకుని అక్కడి నుంచే చదవండి.

లక్షణం: పెద్దగా కొన్నదేమీ లేదు, అయినా ఇరవయ్యో తారీఖుకే ఖాతా ఖాళీ

కారణం చిన్న చిన్న కోతలు. ఓటీటీ, పాటల యాప్, క్లౌడ్ స్టోరేజీ, పిల్లలు గేములో కొన్న కాయిన్లు, మొదటి నెల ఉచితం అంటే ఒప్పుకుని మర్చిపోయిన సబ్‌స్క్రిప్షన్. దీనికి తోడు చిన్న చెల్లింపుల కోసం వచ్చిన యూపీఐ లైట్‌లో వెయ్యి రూపాయల వరకు చెల్లింపుకి పిన్ కూడా అడగదు. పిన్ కొట్టేటప్పుడు వచ్చే ఆ ఒక్క క్షణం ఆలోచన కూడా పోయింది.

గత మూడు నెలల స్టేట్‌మెంట్ ప్రింటు తీయండి. ఫోన్‌లో చూస్తే సరిపోదు, కాగితం మీదే చూడాలి. గాడ్జెట్లకీ యాప్‌లకీ పోయిన ప్రతి లైను కిందా గీత గీసి, చివర కూడండి. ఆ తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉన్న చోటికి వెళ్ళండి. డబ్బు దానంతటదే కట్ అయ్యేలా ఆ యాప్ ద్వారా మీరిచ్చిన అనుమతులు అక్కడ ఉంటాయి, వాడనివి అక్కడే రద్దు చేయొచ్చు. కార్డు మీద ఇచ్చిన అనుమతులు ఇందులో కనబడవు, వాటిని బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో విడిగా చూడాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. డబ్బు కట్ అయ్యే ముందు 24 గంటల నోటీసు రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ మెసేజ్ వచ్చినప్పుడు పక్కకి నెట్టేయకుండా చదవండి.

లక్షణం: ఒక ఈఎంఐ అయిపోకముందే ఇంకోటి మొదలవుతోంది

బందరు రోడ్డులో ఏదో ఒక షోరూమ్‌కి వెళ్ళి ఫోన్ ఎంత అని అడగండి. ముప్ఫై వేలు అనే మాట ముందు రాదు. "నెలకి రెండు వేల ఐదొందలే సార్, వడ్డీ లేదు, డౌన్ పేమెంట్ కూడా లేదు" అంటారు. ఆ మాట వినగానే మన లెక్క మారిపోతుంది. ముప్ఫై వేలు భరించగలమా అని కాకుండా, రెండున్నర వేలు భరించగలమా అని ఆలోచిస్తాం. భరించగలమనే అనిపిస్తుంది.

వడ్డీ లేదన్నది ఎంతవరకు నిజమో ఒకసారి లెక్క వేద్దాం. 30,000 ఫోన్‌ని క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నారు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. నెలకి 2,500 చొప్పున కట్టే 30,000లో అసలు దాదాపు 27,700, వడ్డీ 2,300. ఆ వడ్డీ మొత్తాన్ని అమ్మేవాళ్ళు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు కాబట్టి మనకి తెలియదు. కానీ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది సుమారు 414 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని జీఎస్టీతో కలిపి 235. మొత్తం 650 దాకా పైన పడింది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. పేరు మారింది, పద్ధతి మిగిలింది.

నిజం చెప్పాలంటే ఈ 650 పెద్ద దెబ్బ కాదు. 18,000 ఫోన్‌తో హాయిగా గడిచిపోయే మనిషి ఈఎంఐ ఉందని 30,000 ఫోన్ దగ్గరికి వెళ్ళడం దెబ్బ. రాబోయే పన్నెండు జీతాల్లో ఒక ముక్క ఇవాళే ఖర్చు పెట్టేయడం దెబ్బ. ఫైనాన్స్ కంపెనీ వాయిదా తారీఖుకి ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక ఛార్జీ, కంపెనీ ఇంకో ఛార్జీ వేస్తాయి. సిబిల్ స్కోరు కూడా దెబ్బ తింటుంది. కార్డు బిల్లు పూర్తిగా కట్టలేక బ్యాంకు అడిగే కనీస మొత్తం, అదే మినిమమ్ డ్యూ, కట్టి ఊరుకుంటే చాలా కార్డులు నెలకి మూడున్నర శాతం దగ్గర వడ్డీ వేస్తాయి. అంటే ఏడాదికి 40 శాతం పైమాటే. బంగారం మీద తెచ్చే అప్పు కూడా ఇంతకంటే చాలా చౌక.

ఇక్కడ పెట్టాల్సిన గడియలు మూడు. షాపులో అడుగు పెట్టకముందే మొత్తం ధర ఎంతవరకు అన్నది కాగితం మీద రాసుకుని, సేల్స్ అబ్బాయికి అదే చెప్పండి, నెలసరి లెక్క వద్దనండి. రెండోది, రొక్కానికి లేదా యూపీఐకి ఎంత ఇస్తారని అడగండి. తగ్గింపు వస్తే నో కాస్ట్ అసలు ధర ఎంతో అక్కడే బయటపడుతుంది. మూడోది, ఇంటికంతటికీ కలిపి ఒకసారి ఒకే గాడ్జెట్ ఈఎంఐ. ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకుంటే బాకీ తీరిందని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా రెండోది ఒప్పుకోవద్దు. ఈ మూడో నియమం కఠినంగానే ఉంటుంది. అయినా వీటిలో ఒక్కటే పాటించగలిగితే మూడోదే పాటించండి.

లక్షణం: దసరా సేల్ వచ్చిందంటే చెయ్యి ఆగదు

ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులు మొదలయ్యే రోజుల్లోనే ఆన్‌లైన్ సేళ్ళూ మొదలవుతాయి. కొందరికి బోనసూ అప్పుడే పడుతుంది. పండక్కి ఏదో ఒకటి కొనాలన్న కోరిక మనకెటూ ఉంటుంది.

నిరుడు దసరాకి పటమటలో ఉండే మా మేనల్లుడు రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇంకో ఇరవై నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది, కొనేయనా?" కార్టులో ఏమేం ఉన్నాయో చదవమన్నాను. ఫోన్ 18,999. కవరు 499. టెంపర్డ్ గ్లాసు 399. ఇయర్‌బడ్స్ 1,799. స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ 1,299. మొత్తం 22,995. "ఈ కవరు, గ్లాసు నువ్వే పెట్టావట్రా?" అంటే, "లేదు మామయ్యా, కింద ఏదో బండిల్‌కి టిక్ ఉంది, నేను చూసుకోలేదు" అన్నాడు. ఒక్కొక్కటీ తీసేయమన్నాను. ఇయర్‌బడ్స్ వాడి దగ్గర అప్పటికే ఒక జత ఉన్నాయి. గ్లాసు బీసెంట్ రోడ్డులో వంద, నూట యాభైకి అంటిస్తారు. పొద్దున్న చూసి కొనుక్కో, పడుకో అన్నాను. మర్నాడు మధ్యాహ్నం కూడా అదే 18,999 ఉంది.

వాడి తప్పేమీ లేదు. ఆ పేజీని తయారు చేసిందే అలా. గడియారం తిప్పి తొందరపెట్టడం, రెండే మిగిలాయని భయపెట్టడం, మనం అడగని వస్తువుని కార్టులో చేర్చడం, ఇవన్నీ డార్క్ ప్యాటర్న్స్ కిందకి వస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న ఇలాంటివి 13 రకాలను గుర్తించి నిషేధించింది. మీకు ఎదురైతే స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.

వినాయక చవితి నాటికి ఇంట్లో ఏం కావాలో లిస్టు రాసి, పక్కనే ఆ రోజు ధర వేసి పెట్టండి. దసరాకి నెల పైన టైముంటుంది కాబట్టి, సేల్‌లో నిజంగా తగ్గిందో లేదో మీ లిస్టే చెబుతుంది. కొట్టేసిన పాత ధరని చూసి తగ్గింపు లెక్కేయొద్దు. లిస్టులో లేనిది ఎంత తగ్గినా ఆ ఏడాదికి లేనట్టే. జీఎస్టీ తగ్గిందన్న బ్యానర్ల విషయంలోనూ జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలకీ, 32 అంగుళాలు దాటిన టీవీలకీ పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ అంతకు ముందూ 18 శాతమే, మారలేదు.

కార్డు సంగతి. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకాన్ని ఆపేయడానికీ, పరిమితి పెట్టడానికీ వీలుంది. 2020 అక్టోబరు నుంచి ఇది అన్ని బ్యాంకులూ ఇస్తున్న సదుపాయం. పరిమితి రెండు వేలకి దించండి. షాపింగ్ యాప్‌లో సేవ్ చేసిన కార్డుని తీసేయండి. పెద్ద వస్తువు కొనాలంటే పరిమితి పెంచి, కార్డు నంబరు మళ్ళీ కొట్టాలి. ఆ రెండు నిమిషాల శ్రమ చాలాసార్లు అక్కర్లేని వస్తువుని ఆపుతుంది. అర్ధరాత్రి కొనుగోళ్ళకైతే ఇంతకు మించిన మందు నాకు తెలియదు.

లక్షణం: ఫోన్ స్లో అయింది, ఇక కొత్తది కొనాల్సిందే అనిపిస్తోంది

ముందు సెట్టింగ్స్‌లో స్టోరేజీ చూడండి. నిండుకుండలా ఉంటే కారణం చాలావరకు అదే. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తేనే చాలా ఫోన్లు తేరుకుంటాయి. ఛార్జింగ్ నిలవడం లేదంటే బ్యాటరీ పాతబడింది. మన ఊరి మే నెల ఎండల్లో, బండి హోల్డర్‌కి తగిలించి మ్యాప్ చూస్తూ ఛార్జింగ్ పెడితే బ్యాటరీ త్వరగా అరుగుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్పించి బిల్లు తీసుకోండి. కొత్త ఫోన్ ధరలో అది చిన్న భాగమే.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏడాది దాటినా, బ్యాంకు యాప్ పనిచేయకపోయినా మార్చండి, అది న్యాయమైన ఖర్చే. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే *#06# కొట్టి ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే ఐఎంఈఐ నంబరు చూసి, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకున్నాకే డబ్బివ్వండి. బిల్లు లేని ఫోన్ ఎంత చౌకైనా వద్దు.

లక్షణం: అబ్బాయికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, లక్ష లాప్‌టాప్ అడుగుతున్నాడు

కౌన్సెలింగ్ అవగానే గుంటూరు, విజయవాడ షోరూముల్లో తల్లిదండ్రుల హడావుడి మొదలవుతుంది. తొందరపడకండి. మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్‌కి గేమింగ్ లాప్‌టాప్ అక్కర్లేదు. క్లాసులు మొదలయ్యాక డిపార్ట్‌మెంటులో ఏం కావాలో అడిగి కొనండి. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా అని షాపులో తప్పనిసరిగా అడగండి, కొన్నిట్లో బోర్డుకే అతికించేసి ఉంటుంది.

లక్షణం: నిజంగా అవసరమైనప్పుడు చేతిలో డబ్బుండదు

కారణం, ఫోన్ పాడైపోవడాన్ని మనం ప్రతిసారీ అనుకోని ఆపదలా చూడటం. అది ఎప్పుడో ఒకప్పుడు పోయేదే కదా. 18,000 ఫోన్ నాలుగేళ్ళు వస్తే నెలకి 375. 48,000 లాప్‌టాప్ ఐదేళ్ళు వస్తే నెలకి 800. రిపేర్లకీ ఛార్జర్లకీ 325 వేసుకుంటే నెలకి 1,500. జీతం పడిన మర్నాడే ఆ డబ్బు బ్యాంకు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) లోకి వెళ్ళిపోయేలా పెట్టండి. ఈఎంఐ కట్టే అలవాటున్న చెయ్యికి ఇది కష్టమేమీ కాదు, కాకపోతే వడ్డీ ఈసారి మీకు వస్తుంది.

చీటీ ఉందిగా అంటారు. రిజిస్టరైన చీటీ అయితే పొదుపుకి మంచిదే. కానీ ఫోన్ కోసం రెండో నెలలోనే తగ్గించి పాడి ఎత్తుకుంటే, ఆ వదులుకున్న మొత్తమే వడ్డీ. గాడ్జెట్ కోసం చీటీ వేస్తే చివరిదాకా ఆగి ఎత్తుకోండి.

లక్షణం: కొనేశాను, ఇప్పుడు బాధగా ఉంది

ఇంకా డిస్పాచ్ కాకపోతే ఇప్పుడే రద్దు చేయండి. వచ్చేసి ఉంటే సీలు తీయకుండా రిటర్న్ పాలసీ చదవండి. ఫోన్లకి చాలాచోట్ల మార్చి ఇస్తారే గానీ డబ్బు వెనక్కివ్వరు. లోన్ యాప్‌లో అప్పు తీసుకుని కొన్నారా? డిజిటల్ అప్పులకి కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే గడువు, ఉండాలి. ఆ లోపు అసలూ, వాడుకున్న రోజులకి వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గడువు ఎన్ని రోజులన్నది అప్పు షరతులు రాసి ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. వస్తువు వెనక్కి పంపాక కూడా ఈఎంఐ దానంతటదే ఆగిపోతుందనుకోవద్దు. తర్వాతి స్టేట్‌మెంట్ చూసి, ఇంకా నడుస్తుంటే బ్యాంకుకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి.