ఆడగుర్రం చూడి కట్టాలంటే ముందు క్యాలెండర్ తీయండి

"మేడమ్, మా గుర్రం కట్టట్లేదు. ఏ ఇంజక్షన్ వేయించాలి?" నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్, శంషాబాద్ వైపు మార్వారీ ఆడగుర్రాలు పెంచేవాళ్లలో చాలామంది ఆవులతో, గేదెలతో పెరిగినవాళ్లు. పాడి పశువుల లెక్కనే గుర్రానికీ వాడతారు, చిక్కంతా అక్కడే వస్తుంది. నేను ఎదురడిగే ప్రశ్న ఒకటుంది: ఎద ఏ రోజు మొదలైంది, ఏ రోజు తగ్గింది? దానికి జవాబు లేకపోతే నేను సిరంజి తీయను. హార్మోన్ మందులన్నీ రోజును బట్టే పనిచేస్తాయి.

కాబట్టి మొదటి పని, కొట్టంలో ఒక క్యాలెండర్ తగిలించడం. మగగుర్రాన్ని మధ్యలో గట్టి అడ్డు పెట్టి, రోజు విడిచి రోజు ఆడగుర్రం దగ్గరికి తీసుకురండి. ఎదలో ఉంటే తోక ఎత్తి, వెనక కాళ్లు కొంచెం వంచి, మూత్రం కొద్దికొద్దిగా వదులుతూ, యోని పెదవులు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఎదలో లేకపోతే చెవులు వెనక్కి వాల్చి తన్నబోతుంది. ఏది కనిపిస్తే అది రాసుకోండి. గుర్రాన్ని చూసుకునే సైసుకు చదువు రాకపోతే ఎరుపు, నలుపు చుక్కలు పెట్టమనండి, చాలు.

ఇప్పుడు ఆవుకూ గుర్రానికీ తేడా చూద్దాం. రెండింటి చక్రమూ సుమారు 21 రోజులే. ఆవు ఎద ఒక్క రోజులోపే ముగుస్తుంది, ఎద తగ్గాక అండం విడుదలవుతుంది. అందుకే పొద్దున ఎదకొస్తే సాయంత్రం వీర్యం సూది వేయిస్తాం. ఆడగుర్రం ఎద 5 నుంచి 7 రోజులు ఉంటుంది, అండం దాని చివర్లో, ఎద తగ్గడానికి ఒకటి రెండు రోజుల ముందు విడుదలవుతుంది. తోక ఎత్తిందని మొదటి రోజే ఒకసారి మగగుర్రంతో దాటించి ఊరుకుంటే వీర్యకణాలు అండం కోసం ఎదురుచూసి చచ్చిపోతాయి. స్కానింగ్ సౌకర్యం లేనివాళ్లు ఎద మూడో రోజు నుంచి, గుర్రం మళ్లీ తన్నే దాకా రోజు మార్చి రోజు దాటించాలి.

ఎద ఇంత సాగడానికి కారణం హార్మోన్లే. మెదడు నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండం పెరిగే నీటి బుడగను, అంటే ఫాలికల్‌ను పెంచుతుంది. ఆ ఫాలికల్ వదిలే ఈస్ట్రోజెన్ వల్లే మీరు చూసే ఎద లక్షణాలన్నీ. అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ ఆవులో కొన్ని గంటల్లోనే ఎగసి పడిపోతుంది. గుర్రంలో రోజుల తరబడి మెల్లగా పెరుగుతూ, అండం విడుదలైన తర్వాత గాని గరిష్ఠానికి చేరదు. పైనుంచి చూసి ఈ రోజే అని చెప్పడం నాకూ సాధ్యం కాదు. స్కానింగ్‌లో ఫాలికల్ 35 మిల్లీమీటర్లు దాటి, గర్భాశయం గోడలు కోసిన బత్తాయి చక్రంలా కనిపిస్తే అప్పుడు అండాన్ని విడుదల చేయించే హెచ్‌సీజీ ఇంజక్షన్‌కు అర్థం ఉంది. అది వేశాక చాలా గుర్రాల్లో సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఫాలికల్ చిన్నగా ఉన్నప్పుడు వేస్తే డబ్బు దండగ. మాటిమాటికీ వేస్తే కొన్ని గుర్రాల ఒంట్లో దానికి యాంటీబాడీలు తయారై మందు పట్టు తగ్గుతుంది కూడా.

అండం విడుదలైన చోట కార్పస్ లూటియం తయారై ప్రొజెస్టెరాన్ వదులుతుంది. గుర్రం మగదాన్ని దగ్గరికి రానివ్వనిది అది ఉండే ఈ రెండు వారాల్లోనే. చూడి కట్టకపోతే గర్భాశయం నుంచి ప్రోస్టాగ్లాండిన్ వచ్చి ఆ కార్పస్ లూటియాన్ని కరిగిస్తుంది, మళ్లీ ఎద మొదలు. "ఎదకు తెప్పించే ఇంజక్షన్" అని మీరు అడిగేది ఈ ప్రోస్టాగ్లాండిన్‌నే. అండం విడుదలై 5 రోజులు నిండక ముందు ఒక్క డోసు వేస్తే సాధారణంగా కరగదు. ఆ తర్వాత వేస్తే మూడు నాలుగు రోజుల్లో ఎద కనిపిస్తుంది. వేసిన కాసేపటికి గుర్రానికి చెమటలు పట్టి, కడుపునొప్పిలా అటూ ఇటూ తిరగొచ్చు. ఎక్కువమటుకు గంటలో సర్దుకుంటుంది, టెన్షన్ వద్దు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం ఆ సీసా ముట్టుకోకూడదు. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది.

చలికాలం సంగతి వేరు. గుర్రం పగలు పెరిగే కాలంలో ఎదకొచ్చే జంతువు. రాత్రి పొడుగైతే మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఊరి, మెదడు నుంచి వచ్చే ఆజ్ఞలను అణిచేస్తుంది. రాజస్థాన్, హర్యానాల్లో ఇది మనకంటే గట్టిగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు కూడా 11 గంటలు ఉంటుంది కాబట్టి ఇక్కడ కొన్ని ఆగుతాయి, కొన్ని ఆగవు. ఫిబ్రవరిలోనే దాటించాలనుకుంటే డిసెంబరు మొదట్లోనే, చీకటి పడకముందు కొట్టంలో లైటు వేసి రాత్రి పదిన్నర దాకా ఉంచండి. పగలూ లైటూ కలిపి 16 గంటలు రావాలి, ఏ మూలన నిలబడినా పేపరు చదవగలిగేంత వెలుతురు ఉండాలి. కనీసం 60 రోజులు పడుతుంది. రాత్రంతా వెలిగిస్తే ఎక్కువ మేలు జరగదు, చీకటి కూడా అవసరమే. చలికాలం నుంచి బయటపడేటప్పుడు కొన్ని గుర్రాలు వారాల తరబడి ఎదలోనే ఉంటాయి, అండం మాత్రం విడుదల కాదు. అప్పుడు రోజూ దాటించి మగగుర్రాన్ని అలసట పెట్టకండి.

దాటించాక 14 నుంచి 16 రోజుల మధ్య స్కానింగ్ తప్పనిసరి. కవలలుంటే ఒకదాన్ని తీసేయడానికి అదే మంచి సమయం. గుర్రానికి కవలలు కడితే చాలావరకు రెండూ దక్కవు. 35 రోజుల తర్వాత గర్భాశయంలో ఎండోమెట్రియల్ కప్స్ అనే గిన్నెల్లాంటి కణాల గుంపులు ఏర్పడి ఈసీజీ (గుండె పరీక్ష కాదు) అనే హార్మోన్ వదులుతాయి. గొర్రెలకు వేసే పీఎంఎస్‌జీ ఇదే, చూడి గుర్రం రక్తంలో దీన్ని 1930లో కోల్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. మీకు పనికొచ్చే విషయం ఏంటంటే, ఈ కప్స్ వచ్చాక పిండం పోయినా అవి సుమారు 120వ రోజు దాకా ఉండిపోతాయి. రక్తపరీక్ష చూడి అనే చెబుతుంది, గుర్రం సరిగ్గా ఎదకూ రాదు. ఆ సీజన్ పోయినట్టే. అందుకే 35 రోజుల లోపు ఇంకోసారి స్కాన్ చేయించమని పోరుతుంటాను.

చూడి సుమారు 340 రోజులు. తమకు తీరికైన రోజున ఈనేలా, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ వేయమని అడిగేవాళ్లున్నారు. వేయను. పిల్ల లోపల సిద్ధపడేది చివరి రోజుల్లోనే. అదే ఆక్సిటోసిన్ ఈనాక మాయ పడనప్పుడు ప్రాణం కాపాడుతుంది. ఆవుకైతే అర రోజు ఆగుతాం, గుర్రానికి 3 గంటలు దాటితే అత్యవసరమే. ఆలస్యమైతే గర్భాశయానికి చీము పట్టి గిట్టల దాకా వాపు పాకుతుంది. వేలాడే మాయను చేత్తో లాగకుండా, నేలకు తగలకుండా ముడి వేసి, డాక్టరుకు ఫోన్ చేయండి.