బ్రహ్మోత్సవాలకు ముందే మెయిల్ సర్వర్లు రెండూ సరిచూసుకోండి

తిరుపతిలో లాడ్జీలకో, ట్రావెల్స్ ఆఫీసులకో మెయిల్ సర్వర్లు రెండేసి చూసుకునేవాళ్లు, రెండిట్లోనూ స్పామ్ ఫిల్టర్ ఒకేలా పనిచేస్తోందా అని సరిచూసే పని ధ్వజారోహణానికి కనీసం పది రోజుల ముందే పెట్టుకోండి. గరుడసేవ రోజుకి గది అడుగుతూ వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడిందని మనం గమనించేలోపు ఆ కుటుంబం పిల్లాపాపలతో రైలెక్కేసి ఉంటుంది.

రెండు సర్వర్లలోనూ ఒకే లోకల్.సీఎఫ్ (స్పామ్ ఫిల్టర్ స్పామ్‌అసాసిన్ సెట్టింగుల ఫైల్) పెట్టాం కదా, ఇంకా తేడా ఎక్కడిది అనుకుంటాం. తేడా ఆ ఫైల్లో ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. ఒకదాంట్లో స్పామ్‌అసాసిన్ 3.4, ఇంకోదాంట్లో 4.0 ఉంటే వెల్‌కమ్‌లిస్ట్ (నమ్మదగిన పంపినవాళ్ల జాబితా) అని రాసిన లైను కొత్తదానికి తెలుసు, పాతది మాత్రం లాగ్‌లో ఒక ముక్క రాసేసి ఆ లైను వదిలేస్తుంది, సర్వీసు ఆగదు కాబట్టి ఎవరికీ తెలీదు. ఫిల్టర్‌కి అదనంగా జోడించే ప్లగిన్ ఏదైనా లోడ్ కాకపోయినా అంతే. అందుకే రెండిట్లోనూ లింట్ (సెట్టింగుల్లో తప్పులు పట్టే స్పామ్‌అసాసిన్ పరీక్ష) నడపండి, అదీ రూట్‌గా (సర్వర్ అడ్మిన్ ఖాతాతో) కాదు, ఫిల్టర్ ఏ యూజర్ కింద నడుస్తుందో ఆ యూజర్‌గానే. రూట్‌గా నడిపితే రూట్ సెట్టింగులు చదివి అంతా బాగుందనేస్తుంది.

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం డీఎన్‌ఎస్‌ది, అంటే పేర్లకి ఐపీ అడ్రసులు వెతికిపెట్టే వ్యవస్థది. ఆ వెతుకులాట ఎవరిని అడగాలో రాసే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్లో ఒక సర్వర్‌కి సొంత రిజాల్వర్ అన్‌బౌండ్, రెండోదానికి ఎవరో తొందరలో పెట్టిన గూగుల్ పబ్లిక్ రిజాల్వర్ 8.8.8.8 ఉందనుకోండి. పబ్లిక్ రిజాల్వర్ల నుంచి అడిగితే స్పామ్ పంపే అడ్రసుల లిస్టు నడిపే స్పామ్‌హాస్ అసలు జవాబివ్వకుండా 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. మెయిల్ తీసుకునే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఆ లిస్టు పేరు పక్కన ఏ కోడ్‌లని లెక్కలోకి తీసుకోవాలో రాయకపోతే, అది దీన్ని కూడా 'లిస్టులో ఉంది' అనే అనుకుని మంచి మెయిల్ అని చూడకుండా వచ్చినవన్నీ తిప్పికొడుతుంది. అందుకని రెండు చోట్లా పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులు చూపించే పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్ అవుట్‌పుట్ తీసి, డిఫ్ కొట్టి తేడాలు చూడండి. స్పామ్ హెడర్లో యూఆర్ఐబీఎల్ (మెయిల్‌లోని లింకుల్ని చూసే ఇంకో లిస్టు) బ్లాక్డ్ అని కనిపించినా మూలం ఎక్కువగా ఇదే.

పోస్ట్‌ఫిక్స్‌కీ స్పామ్‌అసాసిన్‌కీ మధ్య పనిచేసే అమావిస్ వాడుతుంటే లోకల్.సీఎఫ్‌లో స్కోర్ 5 అని మార్చి ఊరుకోకండి, ఎంత స్కోర్ దాటితే స్పామ్ అనే అమావిస్ హద్దులు దాని సొంత ఫైల్లో ఉంటాయి. స్పామ్‌అసాసిన్‌లో పాత మెయిళ్లు చూసి నేర్చుకునే బేయస్ (Bayes) ఫిల్టర్‌కి 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు నేర్పితే గానీ అది స్కోర్ వేయదు, కాబట్టి కొత్తగా పెట్టిన సర్వర్ పాతదానిలా ప్రవర్తించదు.

చివరికి నిజమైన బుకింగ్ మెయిల్ ఒకటి ఫైలుగా సేవ్ చేసి రెండు సర్వర్లలోనూ స్పామ్‌అసాసిన్ గుండా నడిపి, స్కోరూ తగిలిన రూళ్లూ చూపించే ఎక్స్-స్పామ్-స్టేటస్ లైన్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో 1.2, ఇంకోదాంట్లో 5.8 వస్తే ఏ రూల్ పేరు ఎక్కువుందో అక్కడే తెలిసిపోతుంది.

మార్పులు చేసే రోజుల్లో పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ (శాశ్వతంగా కాక తాత్కాలికంగా తిప్పికొట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉంచండి, పొరపాటున తిప్పికొట్టినా పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతా కుదురుకున్నాక దాన్ని తీసేసి, సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ ఫోల్డర్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ ఏ సెట్టింగూ ముట్టుకోకండి.