జీడి లెక్కలు, ఆదివారం రీస్టోర్: మైఎస్క్యూఎల్ బ్యాకప్ నేను చేసే పద్ధతి

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి లెక్కల సర్వర్ చూస్తాను. రైతు పేరు, 80 కిలోల బస్తాలు ఎన్ని, ఆ రోజు రేటెంత, ఇచ్చిందెంత, బాకీ ఎంత – ఇదంతా మైఎస్క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. బ్యాకప్ ఎలా తియ్యాలో చాలామంది చెబుతారు. నాకు మాత్రం దాన్ని తిరిగి ఎక్కించడంలోనే (రీస్టోర్) దెబ్బ తగిలింది, అందుకే అక్కణ్ణించి మొదలుపెడతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ పెట్టి చూస్తే మా సర్వర్ లేవలేదు. షావుకారు వచ్చి, "ఏటమ్మా, బేకప్పు ఉందన్నావు గదా, ఎక్కించీ మరి" అన్నారు. "ఉంది బాబూ" అన్నాను ధీమాగా. రోజూ తీసిన ఫైళ్లు వరసగా ఉన్నాయి. కొత్త మెషీన్‌లో ఎక్కించబోతే మొదట్లోనే ఆగిపోయింది. స్టేట్‌మెంట్‌లో ఆస్కీ సున్నా అక్షరం వచ్చిందట, బైనరీ మోడ్ లేకుండా కుదరదట.

అప్పట్లో మాది విండోస్. పవర్‌షెల్ అనే కమాండ్ విండోలో డంప్ (డేటా మొత్తాన్ని ఒక టెక్స్ట్ ఫైల్‌గా తియ్యడం) కొట్టి, బాణం గుర్తుతో (>) ఫైల్లోకి పంపేదాన్ని. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ దాన్ని యూటీఎఫ్-16 అనే వేరే అక్షర కోడ్‌లోకి మార్చి రాస్తుందని నాకేం తెలుసు? ఫైల్ లావుగా ఉంటే డేటా బాగా వచ్చిందనుకుని మురిసిపోయాను కూడా. నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసి మళ్లీ ఎక్కిస్తే అంకెలన్నీ వచ్చాయి గానీ అప్పలనాయుడు అని ఉండాల్సిన చోట పిచ్చి గీతలు. ఎవరి బాకీ ఎంతో తెలుస్తోంది, ఆ ఎవరో తెలియడం లేదు! చివరికి పాత డిస్క్ ఊడదీసి, అదే వెర్షన్ వేసిన ఇంకో మెషీన్‌లో డేటా ఫోల్డర్ మొత్తం పెడితే ఇన్నోడీబీ (మైఎస్క్యూఎల్‌లో టేబుళ్లను దాచే ఇంజిన్) తనంతట తనే కోలుకుని లేచింది. డిస్క్ బతికుంది కాబట్టి నేనూ బతికాను.

విండోస్ వాడేవాళ్లు బాణం గుర్తు మానేసి, డంప్ తీసే మైఎస్క్యూఎల్‌డంప్ ప్రోగ్రామ్‌కే ఉన్న రిజల్ట్-ఫైల్ ఆప్షన్‌తో ఫైల్ పేరు ఇవ్వండి. నేను ఇప్పుడు ఉబుంటుకి మారాను, రాత్రి ఒంటిగంటకి క్రాన్ (చెప్పిన టైముకి పని తనే మొదలుపెట్టేది) నడుస్తుంది. డంప్‌లో నేను తప్పకుండా పెట్టేవి ఇవి. సింగిల్-ట్రాన్సాక్షన్: ఎవరి పనీ ఆపకుండా ఆ క్షణానికి ఉన్న డేటా మొత్తం ఒకే పొందికతో వస్తుంది. ఇది ఇన్నోడీబీ టేబుళ్లకే పనిచేస్తుంది. మైఐసామ్ అనే పాత ఇంజిన్ టేబుళ్లుంటే ముందు మార్చుకోండి. డంప్ నడుస్తుండగా టేబుల్‌ని ఆల్టర్ చెయ్యకండి. రొటీన్స్, ఈవెంట్స్: డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రాములు (స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు) అడక్కపోతే రావు. ట్రిగ్గర్లు మాత్రం అడక్కుండానే వస్తాయి. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4: తెలుగు అక్షరాలు చెడకుండా. సోర్స్-డేటా విలువ 2: బైనరీ లాగ్‌లో (డేటాలో జరిగే ప్రతి మార్పునీ వరసగా రాసుకునే ఫైళ్లు) ఎక్కడున్నామో ఆ స్థానం ఫైల్ పైనే కామెంటుగా పడుతుంది. పాత వెర్షన్లలో దీని పేరు మాస్టర్-డేటా. పాస్‌వర్డ్‌ని కమాండ్‌లో రాయకండి, ఆప్షన్ ఫైల్లో పెట్టి ఆ ఫైల్ మీకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా చెయ్యండి.

డంప్‌ని పైపులో నేరుగా జిజిప్‌కి (ఫైల్‌ని కుదించేది) పంపితే ఇంకో మోసం ఉంది. డంప్ మధ్యలో చచ్చినా జిజిప్ తన పని తను ముగించి అంతా బాగుందనే చెబుతుంది. అందుకే బ్యాష్ స్క్రిప్ట్‌లో పైప్‌ఫెయిల్ పెట్టాను, మధ్యలో ఏది చచ్చినా తప్పని చెబుతుంది. ఆపైన ఫైల్ చివరి లైన్ చూస్తాను. "డంప్ కంప్లీటెడ్" అని, పక్కన తారీఖు ఉండాలి. లేకపోతే అది సగం ఫైలే.

మా అప్లికేషన్ డేటాబేస్ ఒక్కటే డంప్ చేస్తే యూజర్లు రారు, వాళ్లు మైఎస్క్యూఎల్ అనే వేరే డేటాబేస్‌లో ఉంటారు. డేటా అంతా ఎక్కి, ప్రోగ్రామ్ మాత్రం లాగిన్ అవక కూర్చున్న రోజూ చూశాను. షో క్రియేట్ యూజర్, షో గ్రాంట్స్ ఇచ్చినవన్నీ వేరే ఫైల్లో ఉంచుకోండి. మీ వెర్షన్ ఇన్‌స్టాలర్ కూడా పక్కనే ఉంచండి, నెట్ లేని రోజునే దాని అవసరం పడుతుంది.

డిస్క్ పోవడం ఎప్పుడో ఒకసారి. చెయ్యి జారడం రోజూ ఉండేదే. ఒక సాయంత్రం మా కుర్రాడు ఒక్క బస్తా రేటు సరిచెయ్యబోయి, ఏ వరుసో చెప్పే వేర్ రాయకుండా అప్‌డేట్ కొట్టేశాడు. సీజన్ మొత్తానికీ ఒకే రేటు! వాడి మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. ఇలాంటప్పుడు రాత్రి డంప్‌ని నడుస్తున్న సర్వర్ మీద ఎక్కించారంటే ఆ రోజు రాసినవన్నీ పోతాయి. నేను డంప్‌ని వేరే మెషీన్‌లో ఎక్కించాను. బైనరీ లాగ్‌ని చదివే మైఎస్క్యూఎల్‌బిన్‌లాగ్‌ని వెర్బోస్‌తో నడిపి, డీకోడ్-రోస్ పెట్టి చదివితే ఆ తప్పు ఎక్కడుందో వెంటనే కనబడుతుంది: ఒక్క ట్రాన్సాక్షన్‌లో వరసగా పేజీలకు పేజీలు రేటు మార్పులే. డంప్‌లో రాసున్న స్థానం నుంచి ఆ ట్రాన్సాక్షన్ మొదలయ్యే స్థానం దాకా లాగ్‌ని ఎక్కించాను. గడియారం టైమ్ ఇచ్చి ఆపొచ్చు గానీ ఒకే సెకనులో నాలుగు పనులు జరుగుతాయి, అందుకే స్థానమే నమ్మకం. తర్వాత అక్కణ్ణించి ఒక్క రేటు కాలమ్‌ని మాత్రం, రసీదు నంబరు ఆధారంగా, అసలు సర్వర్‌లోకి తెచ్చాను.

మైఎస్క్యూఎల్ 8లో బైనరీ లాగ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, మార్చకపోతే 30 రోజులు ఉంచుతుంది. కానీ అదీ అదే డిస్క్ మీద ఉంటుంది కదా, గంటకోసారి బయటికి కాపీ చెయ్యండి.

కాపీలు ఎక్కడ పెట్టాలంటారా? కాశీబుగ్గలో ఒకటి, పలాసలో ఒకటి పెట్టి రెండు చోట్ల ఉందనుకోకండి, తుపానుకి ఆ రెండూ ఒకే ఊరు. మాది ఒకటి షావుకారు ఇంటి బీరువాలో, ఇంకోటి విజయనగరంలో మా తమ్ముడి దగ్గర. రైతుల బ్యాంకు ఖాతాలున్నాయి కాబట్టి జీపీజీతో (ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్) తాళం వేసే పంపుతాను. ఆ తాళంచెవి డిస్క్‌తో పాటు ఉండదు.

నెలలో మొదటి ఆదివారం మూత విరిగిన పాత లాప్‌టాప్ తీస్తాను. విజయనగరం నుంచి వచ్చిన డిస్క్‌లోని డంప్‌నే ఎక్కిస్తాను, పక్కనున్నదాన్ని కాదు. తర్వాత టేబుల్ వారీగా వరుసల లెక్క, ఆఖరి రసీదు నంబరు, మొత్తం బాకీ – మూడూ ఆ రాత్రి డంప్‌కి ముందు నోట్ చేసుకున్న అంకెలతో కలవాలి. తెలుగు పేర్లు పది తీసి కళ్లతో చదువుతాను. ఎక్కించడం మొదలుపెట్టిన టైమ్, ముగిసిన టైమ్ గోడ మీది క్యాలెండర్‌లో రాస్తాను. ఈ నెల 26 నిమిషాలు పట్టింది. ఈసారి షావుకారు అడిగితే "ఉంది బాబూ" అనను, "అరగంట ఇవ్వండి బాబూ" అంటాను.